ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో కాలనీ పార్కులో మొక్కలు పెట్టించాలా, వానల దాకా ఆగాలా?

పాలమూరోడు
మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి రోడ్డు వైపు మా కాలనీ. పార్కు అని పేరే గానీ ఉన్నది ఎండిపోయిన లాన్, ఒక షటిల్ కోర్టు, గోడ వెంబడి వరుసగా కోనోకార్పస్ అనే బయటి దేశపు చెట్లు. బడులు జూన్ 12 దాకా తెరవరు కదా, పొద్దున్నే పిల్లలకు సమ్మర్ క్యాంప్ పెడదాం, డ్రాయింగ్, కరాటేతో పాటు ఆ కోనోకార్పస్ కొట్టేసి వేప, కానుగ, రేల, తంగేడు లాంటి మన మొక్కలు పెట్టిద్దాం అని మీటింగ్‌లో అన్నారు. సగం మంది సరే అన్నారు, సగం మంది నీళ్లెవడు పోస్తాడు అన్నారు. మీరేమంటారు?

షటిల్ బ్యాచ్
కోర్టు జోలికి రాకండి, ఇంకెక్కడ ఏం పెట్టుకున్నా మాకు ఓకే.

చల్కనేల
అన్నా, మే నెలలో నాటడమంటే మొక్కను చేతులారా చంపుకోవడమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ఎర్ర చల్కలో, అదీ కింద మొరం ఉన్న చోట పెడితే, పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు.

అయితే ఎండాకాలం ఖాళీగా కూర్చోమని కాదు. గుంతలు ఇప్పుడే తీయాలి, ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. పై మట్టి ఒక పక్కకు, కింది మొరం ఇంకో పక్కకు పోసి ఎండకు వదిలేయాలి. మృగశిరలో నాలుగు వానలు పడ్డాక పై మట్టిలో పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. గడ్డపార పని పెద్దవాళ్లది, పిల్లలకు ఇవ్వకండి.

పిల్లలకు గింజల పని ఇవ్వండి. రేలకాయ ఒకటి పగలగొట్టించండి చాలు. బయట కర్రలా గట్టిగా ఉంటుంది, లోపల బిళ్లలు పేర్చినట్టు గదులు, నల్లటి జిగురు, ఒక్కో గదిలో ఒక్కో గింజ. వాసనకు మొహం చిట్లిస్తారు గానీ చెయ్యి మాత్రం తీయరు. ఆ గింజ పెంకు గట్టిది, గరుకు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెడితే గానీ మొలవదు. వేప దీనికి పూర్తిగా ఉల్టా, పండు రాలాక గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపు కవర్లలో పెట్టేయాలి, దాచుకుంటే చచ్చిపోతుంది. ఈ కవర్ల మొక్కలు వచ్చే ఏడాదికి పనికొస్తాయి, ఈసారికి నర్సరీ నుంచి తెచ్చుకోవాల్సిందే.

మూడో లైన్ మాస్టరు
సార్ చెప్పింది శాస్త్రం ప్రకారం కరెక్టే, కానీ మా కాలనీ సంగతి నాకు తెలుసు. జూన్ 12 దాటితే పిల్లలు బడి, ట్యూషన్, ఆదివారం కూడా హోంవర్క్. వానలు వచ్చినప్పుడు చూద్దామంటే ఎప్పటికీ చూడం. ఉత్సాహం ఉన్నప్పుడే నాలుగు మొక్కలైనా పెట్టించాలి, పాత కుండకు అడుగున చిన్న బెజ్జం చేసి గుడ్డ వత్తి పెట్టి పక్కన పాతిపెడితే ఎండలోనూ బతుకుతాయి. కావాలంటే పల్లి మిల్లు నుంచి బస్తా పొట్టు తెచ్చి చుట్టూ పరుద్దాం.

చల్కనేల
కుండ పద్ధతి మంచిదే మాస్టారూ, నాలుగు మొక్కలకైతే నాకూ అభ్యంతరం లేదు. పొట్టు మాత్రం మొదలుకు ఆనించి పోయకండి, చెదలు వస్తాయి.

రెండో అంతస్తు
అసలు ఈ మన మొక్కల పిచ్చి ఏంటో నాకు అర్థం కాదు. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చింది, చింత ఆఫ్రికాది. మరి బాలానగర్ సీతాఫలం మనది కాదంటారా? కోనోకార్పస్‌కేమైంది, మేకలు ముట్టవు, మండుటెండలో కూడా పచ్చగా ఉంటుంది. పొదలు పెంచితే పాములొస్తాయి, అది చెప్పండి ముందు.

చల్కనేల
ఆ సుగుణాలు చూసే కదా 2015లో ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారం మొదలయ్యాక ఊరూరా రోడ్ల మధ్యలో పెట్టారు, తర్వాత ప్రభుత్వమే ఇక పెట్టొద్దన్నది. పుప్పొడితో అలర్జీ ఎంతవరకు నిజమన్న వాదన పక్కన పెట్టండి. ఎక్కడ పుట్టిందన్నది కాదు నా లెక్క, దాని మీద ఏది బతుకుతుందన్నది. తంగేడు, రేల ఆకుల మీద పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, గొంగళిపురుగులు అదే తిని పెరుగుతాయి. మీ కోనోకార్పస్ మీద ఒక్కటి చూపించండి. పాముల సంగతంటారా, పొదలను దారికి దూరంగా పెట్టి కింద చెత్త ఊడ్చుకోవాలి, అంతే.

న్యూటౌన్ అక్క
తంగేడు కోసమైనా పెట్టండి తమ్మీ. బతుకమ్మకు తంగేడు, గునుగు బజార్లో కట్టకింత అని కొనే రోజులొచ్చాయి. గునుగైతే తొలి వానకు గింజలు చల్లితే చాలు, పండగకు పూస్తుంది. పిల్లలు తెంపుకొచ్చే పువ్వు ఉండాలి కదా.

ఒక పాత కాపు
వేప ఒక్కటే వరుసగా పెట్టకండి. 2021లో తెలంగాణ అంతా వేపలకు కొమ్మలు ఎండిపోయే తెగులు వచ్చింది గుర్తుందా? చాలావరకు మళ్లీ చిగురించాయి గానీ అందరికీ టెన్షనే. నాటు చెట్టుకు చాకిరీ అక్కర్లేదనే మాట కూడా ఒప్పుకోను, మన పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టుకే చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు.

ఇంకో మాట, కోనోకార్పస్ ఒకేసారి కొట్టేయకండి. పార్కులో ఉన్న నీడ అదొక్కటే. పైగా చెట్టు కొట్టాలంటే నీళ్లు, నేల, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది, మున్సిపల్ ఆఫీసులో అడగకుండా గొడ్డలి పట్టొద్దు. మధ్యమధ్యలో కానుగ పెట్టి అవి ఎదిగాక ఒక్కొక్కటే తీయండి.

పాలమూరోడు
మరి నీళ్లు? ఇళ్లలో ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే నీళ్లు బకెట్లలో పట్టి పోద్దామంటున్నారు.

ఒక పాత కాపు
వద్దు బాబూ, ఉప్పంతా అందులోనే ఉంటుంది, రోజూ పోస్తే నేల చౌడు బారుతుంది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు పట్టమనండి. ఒక్కో మొక్క ఒక్కో ఇంటి పేరున రాయండి, ఎవరిది ఎండితే వాళ్ల గేటు ముందే పంచాయితీ.

పాలమూరోడు
సరే, ఆదివారం మీటింగ్‌లో ఇట్లా పెడతా: సెలవుల్లో గుంతలు, గింజలు, మాస్టారి కుండల మొక్కలు నాలుగు, మిగతావి వానలకు. రెండో అంతస్తు అన్న ఒప్పుకుంటారో లేదో.

రెండో అంతస్తు
ఒప్పుకోను. నా కిటికీ ఎదురుగా ఉన్న కోనోకార్పస్ కొట్టనంటే మాత్రం అడ్డురాను.

షటిల్ బ్యాచ్
కోర్టుకు మూడడుగులు వదిలితే గుంతలు మేమే తవ్వుతాం. తీసిన మొరం మాత్రం కోర్టు మీద పోయొద్దు.