ఇరుకు కాక్‌పిట్‌లో చేత్తో పట్టుకునే కంట్రోలరా, సీటుకి బిగించిన జాయ్‌స్టిక్కా?

తూనీగ:
అందరికీ నమస్తే. ఏరోనాటికల్ ఫైనలియర్ చదువుతున్నాను, ప్రాజెక్టు ఒక చోట ఆగిపోయింది. పోలీసులూ రెస్క్యూ వాళ్లూ వాడే రకం చిన్న హెలికాప్టర్, కుడి సీట్లో పైలట్, ఎడమ సీట్లో అబ్జర్వర్. ముక్కు కింద కెమెరా గోళం ఉంటుంది కదా, దాన్ని తిప్పేది, జూమ్ చేసేది, కింద వెళ్తున్న బండి మీద లాక్ చేసేది అంతా అబ్జర్వరే. ఆయన చేతికి ఇచ్చే కంట్రోల్ మేం డిజైన్ చేయాలి. సీటు పక్కన జాయ్‌స్టిక్ బిగించండి, అదే పద్ధతి అని మా గైడ్ గారు అంటున్నారు. కొలతలు తీస్తే తలుపుకీ సీటుకీ మధ్య అరచెయ్యి కూడా దూరట్లేదు, రెండు సీట్ల మధ్యేమో పైలట్ కలెక్టివ్ లివర్ (హెలికాప్టర్‌ని పైకీ కిందకీ తీసుకెళ్లే మీట) కదులుతుంటుంది, అక్కడ ఏం పెట్టినా అడ్డమే.

అందుకని గేమ్‌ప్యాడ్ లాంటిది ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో వాడేలా చేద్దామని మా ఆలోచన. అమెరికా నేవీ వర్జీనియా క్లాస్ సబ్‌మెరైన్లలో పెరిస్కోప్ బదులు ఉండే కెమెరా మాస్ట్‌ని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌తోనే తిప్పుతున్నారు, పాత కంట్రోల్ సెట్టు దాదాపు 38 వేల డాలర్లు, ఇది 30 డాలర్లు కూడా లేదు అని చదివాను. మరి విమానాల్లో ఎందుకు అంత తక్కువ కనిపిస్తుంది ఇది? వైర్ లేకుండా బ్లూటూత్ పెడితే ఇంకా హాయి కదా?

విశాఖ_వించ్:
తక్కువ అని ఎవరన్నారు బాబూ. నేను నేవీ హెలికాప్టర్లలో వెనక క్యాబిన్లో పనిచేసి రిటైరయ్యాను. మనిషిని తాడు మీద పైకి లాగే వించ్ ఉంటుంది కదా, దాని కంట్రోల్ చేత్తో పట్టుకునేదే. చుట్టలు చుట్టలుగా సాగే కేబుల్ చివర ఒక పిడి, బొటనవేలి కింద చిన్న చక్రం, అది ఎంత తిప్పితే తాడు అంత వేగంగా దిగుతుంది, పక్కనే పైలట్‌తో మాట్లాడే బటన్. తాడు కోసేసే బటన్ మాత్రం మూత కింద ఉంటుంది, పొరపాటున వేలు తగలకూడదని.

అది చేతి పిడిగా ఎందుకుందో చూడు. వించ్ ఆపరేటర్ ఒకచోట కూర్చోడు. తలుపు దగ్గర మోకాళ్ల మీద ఉంటాడు, ఒక్కోసారి బోర్లా పడుకుని తల బయటికి పెట్టి చూస్తాడు, ఒక చెయ్యి గ్లోవ్‌తో తాడు మీదే ఉండాలి. అలాంటోడికి గోడకి బిగించిన స్టిక్ ఇస్తే ఏం లాభం? అదే సీ కింగ్ అనే నేవీ హెలికాప్టర్‌లో తలుపు దగ్గర ఇంకో చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, దాంతో వెనకున్నవాడు హెలికాప్టర్‌నే కాస్త అటూ ఇటూ జరపొచ్చు. అది మాత్రం బిగించే ఉంటుంది, దానికి ఇచ్చిన అధికారం కూడా కొంచెమే. తాడుని కదిపేది చేతికి ఇచ్చారు, హెలికాప్టర్‌ని కదిపేది గోడకి కొట్టారు. మీ కెమెరా మొదటి రకం కాబట్టి చేతికి ఇవ్వడంలో తప్పు లేదు. అసలు ఇలాంటి కెమెరాలకి రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్లు కంపెనీలే ఎప్పటినుంచో అమ్ముతున్నాయి, మీ గైడ్ గారికి ఒక ఫొటో చూపించు.

మోచేతి_లెక్కలు:
పైన సార్ చెప్పింది కరెక్టు. నాది కాక్‌పిట్ ఎర్గోనామిక్స్ పని, యూకేలో ఉంటాను. నేను మీ గైడ్ గారి వైపు నుంచి కొంచెం వాదిస్తాను, ఎందుకంటే ఆయన భయం ఊరికే కాదు.

కాక్‌పిట్‌లో చేతి పరికరం చేతిలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. వదిలేశాక ఎక్కడికి పోతుంది అన్నది చూడాలి. 2014 ఫిబ్రవరి 9న బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ వాయేజర్, అంటే ఎయిర్‌బస్ ఏ330, నల్ల సముద్రం మీదుగా 198 మందితో వెళ్తోంది. కెప్టెన్ తన కెమెరాని సైడ్ స్టిక్‌కీ (సీటు పక్కన ఉండే, విమానాన్ని నడిపే చిన్న స్టిక్) ఆర్మ్‌రెస్ట్‌కీ మధ్య పెట్టారు. తర్వాత సీటు ముందుకు జరిపితే కెమెరా ఇరుక్కుని స్టిక్‌ని ముందుకు నెట్టేసింది. 27 సెకన్లలో 4,400 అడుగులు కిందికి. కో-పైలట్ అప్పుడు బయట గ్యాలీలో ఉన్నాడు. ఏ330 లాంటి పెద్ద కాక్‌పిట్‌లోనే ఇలా జరిగితే మీ రెండు సీట్ల హెలికాప్టర్‌లో అరకిలో కంట్రోలర్ జారి పైలట్ పెడల్స్ దగ్గరికి పోతే ఏంటి సంగతి?

ఫైటర్లలో అయితే చేతి పరికరం మాటే ఎత్తరు. 5 జీ మలుపులో, అంటే ఒంటి మీద మామూలుకి ఐదు రెట్లు బరువు పడే మలుపులో, అరకిలో వస్తువు రెండున్నర కిలోల బరువై కూర్చుంటుంది, పైగా ఇజెక్ట్ అయ్యేటప్పుడు ఒళ్లో వస్తువూ మెడ చుట్టూ కేబులూ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఎఫ్-15ఇ వెనక సీటు ఆఫీసర్‌కి రెండు పక్కలా రెండు హ్యాండ్ కంట్రోలర్లు బిగించే ఇచ్చారు. ఎఫ్-16లో సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, స్టిక్ కుడి పక్కన. మొదట్లో ఆ స్టిక్ అసలు కదిలేదే కాదు, ఎంత బలంతో నొక్కుతున్నారో అదే కొలిచేది. పైలట్లకి అది నచ్చక తర్వాత ఒక పిసరు కదిలేలా మార్చారు.

మీకు దగ్గరి ఉదాహరణ అపాచీ, రెండు సీట్ల యుద్ధ హెలికాప్టర్. దాని ఫ్యూజ్‌లేజ్‌లు, అంటే బాడీలు, మన హైదరాబాద్ ఆదిభట్లలోనే తయారవుతున్నాయి, మొదటిది 2018లో వెళ్లింది. ముందు సీట్లో గన్నర్ ఉంటాడు, ఆయన ముందున్న స్క్రీన్‌కే రెండు పక్కలా రెండు పిడులు. పట్టుకోవడం అచ్చం గేమ్‌ప్యాడ్ లాగే, కానీ మొత్తం ప్యానెల్‌కి బిగించి ఉంటుంది. అంటే చేతులకి గేమ్‌ప్యాడ్ సుఖం, గైడ్ గారికి బిగింపు. ఈ దారి మీరు ఆలోచించారా?

తూనీగ:
థాంక్యూ సార్, థాంక్యూ అన్నా. స్క్రీన్‌కి పిడులు పెట్టడం చూశాం, కానీ మా డ్యాష్‌బోర్డ్ దూరంగా ఉంది, ముందుకు వంగాలి, షోల్డర్ హార్నెస్ లాక్ అయితే అందదు. ఇంకోటి, అంత వైబ్రేషన్లో ఒళ్లో పెట్టుకుంటే చెయ్యి ఊగదా?

మోచేతి_లెక్కలు:
అక్కడ చేతి పరికరానిదే పైచేయి. బిగించిన స్టిక్ అయితే అది ఫ్లోర్‌తో పాటు ఊగుతుంది, మీ భుజం సీటుతో పాటు ఇంకోలా ఊగుతుంది, ఆ తేడా అంతా స్టిక్ మీదికి వస్తుంది. మోచేతికి ఆసరా ఇస్తేనే అది తగ్గుతుంది, ఆసరాకి మీ దగ్గర జాగా లేదు. రెండు చేతులతో పట్టుకున్న డబ్బా అయితే అరచేతులూ డబ్బా కలిసి ఊగుతాయి, దాని మీద బొటనవేలు మాత్రం పెద్దగా చెదరదు. టచ్‌స్క్రీన్ల అంచు మీద వేళ్లు ఆనించుకోమనేది కూడా ఇందుకే.

సిమ్‌పిచ్చి:
నేను పైలట్‌ని కాదు, ఇంట్లో సిమ్యులేటర్ గోల నాది, కానీ గేమ్‌ప్యాడ్‌లు చాలా అరగదీశాను కాబట్టి చెప్తున్నా. మామూలు గేమ్‌ప్యాడ్ బొటనవేలి స్టిక్‌తో దూరంలో ఉన్న బండిని పట్టుకోవడం నరకం బ్రో. కదిలే దూరం చాలా తక్కువ, మధ్యలో కొంత మేర అసలు స్పందించదు, దాటగానే ఒక్కసారి దూకుతుంది. పైగా కొన్నాళ్లకి స్ప్రింగ్ అలిసిపోయి వదిలేసినా కెమెరా మెల్లగా పక్కకి పాకుతుంది. అపాచీ పిడి మీద బొటనవేలి కింద ఉండేది కదిలే స్టిక్ కాదు, బలాన్ని కొలిచే బొడిపె. అలాంటిది పెట్టు. జూమ్ ఎక్కువైన కొద్దీ స్పీడ్ తగ్గేలా సాఫ్ట్‌వేర్లో కట్టు, ఇది మాత్రం మర్చిపోకు, సగం కష్టం అక్కడే పోతుంది.

బ్లూటూత్ జోలికి పోకు. బ్యాటరీ సరిగ్గా దొంగ సందు తిరిగినప్పుడే అయిపోతుంది. ఇంక సబ్‌మెరైన్ సంగతంటావా, అక్కడ నిలబడ్డానికీ నడవడానికీ చోటుంది, కంట్రోలర్ కింద పడితే వంగి తీసుకుంటారు. పాడైతే సొరుగులోంచి ఇంకోటి తీస్తారు. గాల్లో ఆ సౌకర్యం ఎక్కడిది.

విశాఖ_వించ్:
వైర్ ఉండాల్సిందే, కానీ ఆ వైరే మనిషిని చంపకూడదు. సముద్రం మీద ఎగిరే వాళ్లందరికీ నీళ్లలో తల్లకిందులైన హెలికాప్టర్లోంచి బయటపడే ట్రైనింగ్ ఉంటుంది. చీకట్లో, ముక్కులోకి నీళ్లు పోతుంటే, చేత్తో తడుముకుంటూ బకిల్ విప్పుకుని తలుపు వెతుక్కోవాలి. అప్పుడు ఒళ్లో కేబుల్ ఉంటే కాళ్లకి చుట్టుకుంటుంది. హెల్మెట్ కేబుల్ ఎలా అయితే గట్టిగా లాగితే ఊడొస్తుందో దీనికీ అలాంటి కనెక్టరే పెట్టండి. మెలితిప్పి బిగించేది వద్దు. కేబుల్ తలుపు వైపు నుంచి రాకూడదు, బకిల్ మీదుగా అసలే పోకూడదు. వదిలేస్తే కూర్చోబెట్టడానికి ఒక గూడు ఉండాలి, చూడకుండా పెడితే టక్‌మని పట్టుకోవాలి. వెల్క్రో అతికించి ఇదే గూడు అనకండి, దుమ్ము పట్టాక అది దేన్నీ పట్టదు.

మోచేతి_లెక్కలు:
బటన్ల గురించి ఒక్క మాట. గ్లోవ్స్ వేసుకుని, కళ్లు స్క్రీన్ మీదే పెట్టి వాడతారు కాబట్టి ప్రతి బటన్ ఆకారం వేరుగా ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ పైలట్లు దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) అనుకుని చక్రాలు ముడిచేసేవాళ్లు, రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చక్రాల స్విచ్‌కి చక్రం ఆకారం, ఫ్లాప్ స్విచ్‌కి రెక్క ముక్క ఆకారం తగిలించారు. ఇప్పుడు ప్యాసింజర్ విమానాల్లో ఆ ఆకారాలు రూల్స్‌లోనే ఉన్నాయి. మీ దాంట్లో లేజర్ పాయింటర్ బటన్ ఉంటే అది రికార్డ్ బటన్ పక్కన మాత్రం పెట్టకండి.

తూనీగ:
సరే, ఇలా చేస్తున్నాం: రెండు చేతుల డబ్బా, బలం కొలిచే బొడిపె, లాగితే ఊడే కనెక్టర్. గూడు మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు, సీటు ముందు అంచు కింద పెడితే కాలి పిక్కలకి తగులుతోంది.

విశాఖ_వించ్:
అక్కడ వద్దు, దిగేటప్పుడు కాలు తన్నుకుంటుంది. కుడి తొడ పక్కన, కలెక్టివ్ పూర్తిగా కింద ఉన్నప్పుడూ పూర్తిగా పైన ఉన్నప్పుడూ తగలని చోటు ఎంత మిగులుతుందో కొలిచి డ్రాయింగ్ పెట్టు. బరువు కూడా రాయి. మీ టీమ్‌లో అందరికంటే లావుపాటి వాడిని లైఫ్ జాకెట్ వేసి కూర్చోబెట్టి కొలవాలి సుమా, నిన్ను నువ్వు కొలుచుకోకు.