విల్లుకో జియాంగ్, దేశానికో జియాంగ్: తెలుగులో ఏమందాం?

ఒక్క చైనీసు వాక్యాన్ని తెలుగు చేయబోయి మూడు రోజులుగా ఇరుక్కుపోయానండి. కాస్త చెయ్యి వేయండి.

మాట యెలూ చూత్సాయ్‌ది. ఖితాన్ అనే జాతి రాచకుటుంబంలో పుట్టి, ఉత్తర చైనాను ఏలిన జిన్ రాజుల కొలువు చేసినవాడు. 1215లో జోంగ్‌దూ (ఇప్పటి బీజింగ్) మంగోలుల చేతికి చిక్కింది. 1218లో చెంఘిజ్ ఖాన్ ఈయన్ని పిలిపించాడు. గడ్డం చూసి ‘ఉర్తు సఖల్’ అని పేరు పెట్టాడు. మంగోలులో ‘పొడుగు గడ్డం’ అన్నమాట.

ఖాన్ దగ్గర చాంగ్ బాజిన్ అని విల్లులు చేసే మనిషి ఉండేవాడు. మంచి పలుకుబడి. ‘యుద్ధాలు జరుగుతుంటే ఈ చదువులాయన దేనికి?’ అని దెప్పేవాడట. దానికి చూత్సాయ్ జవాబు, యువాన్ వంశ చరిత్రలో ఉన్నదాన్ని ముక్కకు ముక్క తెస్తే ఇలా ఉంటుంది: ‘విల్లును జి చేయడానికే విల్లు జియాంగ్ కావాలి. మరి దేశం సంగతి చూసేవాడికి దేశాన్ని జి చేసే జియాంగ్ అక్కర్లేదా?’ ఖాన్ విని సంతోషించాడట.

చైనీసులో జియాంగ్ అంటే చేతిపనివాడు. అక్షరం చూస్తే పెట్టెలో గొడ్డలి. మొదట వడ్రంగికే ఆ మాట. ‘విలుకాడు’ పనికిరాడు, వాడు బాణం వేసేవాడు. ‘పనిమంతుడు’ అందామంటే, పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయన్న సామెత అడ్డొస్తోంది.

— ‘రాజనీతిజ్ఞుడు’ అంటే సరిపోదా అండీ?

— అర్థం సరిపోతుంది, దెబ్బ పోతుంది. చూత్సాయ్ ‘నేను పండితుణ్ణి, గౌరవించు’ అనలేదు. ‘నాదీ నీలాంటి పనే’ అన్నాడు. ఎదుటివాడి మాటే లాక్కుని అతనికే తిప్పికొట్టాడు. అందుకని రెండు చోట్లా ఒకే మాట పడాలి.

— క్రియ గురించి ఎవరూ అనలేదేం? ‘జి’ కూడా రెండుసార్లు వచ్చింది. ఆ అక్షరంలో ఎడమ పక్క ఉన్నది నీళ్ల గుర్తు. వరదను అదుపు చేయడానికి, రోగం నయం చేయడానికి, రాజ్యం ఏలడానికి ఇదే క్రియ. మనకి ‘చక్కబెట్టడం’ ఉంది కదా! ఇల్లు చక్కబెడతాం, పనులు చక్కబెడతాం. విల్లునీ చక్కబెట్టొచ్చు, దేశాన్నీ చక్కబెట్టొచ్చు.

— క్రియ దొరికింది, బాగుంది. మనిషికి నా ఓటు ‘మేస్త్రి’. తాపీ మేస్త్రి, వడ్రంగి మేస్త్రి, కుట్టు మేస్త్రి ఉండగా విల్లు మేస్త్రి ఎందుకుండకూడదు?

— మేస్త్రి పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. వాళ్లు 1498లో గానీ ఇక్కడ దిగలేదు. 13వ శతాబ్దపు నోట్లో ఎలా పెడతారు?

— ఆ లెక్కన చెంఘిజ్ చేత ఇప్పటి తెలుగు అసలు మాట్లాడించకూడదండి!

— నా అభ్యంతరం వేరు. మేస్త్రి పక్కన నిలబడి చేయిస్తాడు. బాజిన్ తన చేత్తో చేస్తాడు. రెండూ ఒకటి కావు.

— చూత్సాయ్ చేసింది సరిగ్గా మేస్త్రి పనే. చెంఘిజ్ తర్వాత ఖాన్ అయిన అతని కొడుకు ఒగెదెయ్ కాలంలో, ఉత్తర చైనా జనాన్ని ఖాళీ చేయించి పచ్చిక బయళ్లు చేద్దామని కొలువులో ఒకరన్నారు. ఈయన లెక్క కట్టాడు: భూమి శిస్తు, వర్తకం, సారా, ఉప్పు, ఇనుము మీద పన్నులేస్తే ఏటా 5 లక్షల తాయెల్‌ల (తాయెల్ ఒక తూకం) వెండి, 80 వేల పట్టు తానులు, 4 లక్షలకు పైగా షి (షి ఒక కొలత) ధాన్యం. 1230లో పది చోట్ల పన్ను కచేరీలు పెట్టించాడు. మరుసటి ఏడు యున్‌జోంగ్ అనే ఊళ్లో ఆ వెండి, పట్టు ఖాన్ కళ్లముందు పరిచారు. నా పక్కనుంచి కదలకుండానే ఇంత ఎలా సమకూర్చావని ఒగెదెయ్ నవ్వాడట. జనం బతికితేనే పన్ను వస్తుందని చూత్సాయ్ కత్తివాళ్లకి లెక్కల్లో చూపించాడు.

— ఒక కొసరు. బాజిన్ అంటే ఎనిమిది జిన్‌లు; ఈ జిన్ ఒక తూకం. ఆ ‘జిన్’ అక్షరమే జియాంగ్‌లో ఉన్న గొడ్డలి. చూత్సాయ్ అనుకుని అన్నాడో లేదో గానీ, ఖాన్ చెవిన పడింది మంగోలులోనే అయ్యుంటుంది. అక్కడ ఈ చమత్కారం ఉండదు.

— అందరికీ దండాలు. ప్రస్తుతానికి ఇలా రాసుకున్నాను: ‘విల్లు చక్కబెట్టడానికే మేస్త్రి కావాలే, దేశం చక్కబెట్టడానికి మేస్త్రి వద్దా?’ ‘కావాలే’ దగ్గర ఇంకా కొంచెం గుచ్చుకుంటోంది. చూడండి.