“ఒకని భారముల నొకడు భరించి”: గలతీ 6:2లో భారము, 6:5లో బరువు

ప్రశ్న (ఆదివారం బడి ఉపాధ్యాయురాలు):

అందరికీ వందనాలు. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరో అధ్యాయం రెండో వచనం, “ఒకని భారముల నొకడు భరించి, యీలాగు క్రీస్తు నియమమును పూర్తిగా నెరవేర్చుడి” అని పిల్లల చేత కంఠస్థం చేయిస్తున్నాను. పెద్ద తరగతి అమ్మాయి ఒకతె ఐదో వచనం తీసి చూపించింది. “ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను గదా?” అని ఉంది అక్కడ. “అక్కయ్యా, రెండింటిలో దేన్ని పాటించాలి?” అని అడిగింది. భారము, బరువు వేర్వేరా? అనువాదకులు కావాలనే మాట మార్చారా? మూలభాష తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):

ఆ అమ్మాయి బాగా చదివిందమ్మా. గ్రీకు మూలంలోనూ రెండు మాటలు వేరు. రెండో వచనంలో ఉన్నది ‘బారోస్’ అనే మాటకు బహువచనం, ఐదో వచనంలో ‘ఫోర్తియోన్’. క్రియ మాత్రం రెండు చోట్లా ఒకటే: ‘బస్తాజో’, అంటే మోయడం.

బారోస్‌లో అణగదొక్కే గుణం ఉంది. మత్తయి ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలు యజమాని మీద సణిగే చోట మూలంలో కనిపించేది ఈ మాటే. పగటి బరువంతా మేం మోశామని వాళ్ల మొర. ఫోర్తియోన్ ఒకరి వంతుకు వచ్చిన మూట. అపొస్తలుల కార్యములు 27:10లో ఓడ సరకును ఆ మాటతోనే చెప్పారు. మత్తయి 11:30లో యేసు తేలికగా ఉందన్న ‘నా భారము’ కూడా ఫోర్తియోనే. ఇంత చెప్పినా ఈ తేడాను మరీ బిగించి పట్టుకోకండి. లూకా 11:46లో ధర్మశాస్త్రోపదేశకులు జనం మీద మోపిన “మోయ శక్యముకాని బరువులు” కూడా ఫోర్తియోన్‌లే. కాబట్టి నామవాచకం ఒక్కటే తీర్పు చెప్పదు, సందర్భం చూడాలి.

తెలుగు అనువాదం నాకు ఇక్కడ చాలా నచ్చుతుంది. భారము, బరువు అని నామవాచకాన్ని మార్చి ఊరుకోలేదు, క్రియనూ మార్చింది. ఇతరులది ‘భరించి’, తనది ‘భరించుకొనవలెను’. ఆ ‘కొను’ గ్రీకులో లేదు. తన కోసం తాను చేసే పనికి తెలుగులో సహజంగా వచ్చి చేరే అనుబంధం అది. వండి పెట్టడం వేరు, వండుకోవడం వేరు. మీ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది.

మాటల చుట్టరికం ఇష్టపడేవారికి ఇంకొకటి. భారము, భరణము, భర్త, భార్య, భృత్యుడు అన్నీ సంస్కృత ‘భృ’ ధాతువు నుంచి వచ్చాయి. గ్రీకులో దానికి తోబుట్టువు ‘ఫెరో’, దాని నుంచి పుట్టినదే ఫోర్తియోన్. బారోస్‌కు సంస్కృతంలో చుట్టం ‘గురు’, అంటే బరువైనది. పుట్టుక చూస్తే మన ‘భారము’ ఐదో వచనంలోని ఫోర్తియోన్‌కే దగ్గర. అనువాదకులు మాత్రం దాన్ని రెండో వచనంలో వాడారు, సరిగ్గానే వాడారు. మాట ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఇప్పుడు తెలుగువాళ్లు దాన్ని ఎలా అంటున్నారన్నదే వాళ్లు చూశారు.

మరొక సభ్యురాలు:

మాష్టారూ, మన సంఘాల్లో ‘భారం’ అనే మాటకు ఇంకో అర్థం స్థిరపడింది కదా. “ఆ ఊరి గురించి నాకు భారం ఉంది”, “భారంతో ప్రార్థించండి” అంటాం. ఆ అర్థం ఈ వచనం నుంచే వచ్చిందా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఆ వాడుక మంచిదేనమ్మా. ప్రవక్తల గ్రంథాల్లో దేవోక్తిని బరువుగా చెప్పే ధోరణి ఉంది, అది కొంత దీనికి దగ్గర. కానీ గలతీ 6:2 అర్థం అది కాదు. భారం కలిగి ఉండటం మనసులో జరిగేది. ఇక్కడ పౌలు వాడిన క్రియ భుజంతో చేసే పనికి చెందింది. యోహాను 19:17లో యేసు తన సిలువ మోసుకుని బయలుదేరినప్పుడు వాడిన క్రియ ఇదే. గలతీ ఆరో అధ్యాయం చివర, 6:17లో, “యేసుయొక్క ముద్రలు నా శరీరమందు ధరించి యున్నాను” అన్నచోట మన ‘ధరించి’ వెనుక ఉన్నదీ అదే. దెబ్బల మచ్చలు ఒంటి మీద మోసినవాడు “భరించుడి” అంటున్నాడు. బరువెక్కిన మనసుతో ప్రార్థించి లేచిపోతే ఈ వచనం నెరవేరిందని నేను అనుకోలేను.

ఇక, ఏ భారం? జబ్బు, అప్పు, చావు ఇల్లు అని మనం వెంటనే అనేస్తాం. అవన్నీ నిజమే. అయితే వచనాల అంకెలు 1551లో ముద్రాపకుడు రోబేర్ ఎతియెన్ వేసినవి, పౌలు వేసినవి కావు. రెండో వచనానికి ముందున్న వాక్యం, ఒకడు ఏదైనా తప్పితంలో చిక్కుకుంటే సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకురమ్మంటుంది. అక్కడ వాడిన గ్రీకు క్రియ, మత్తయి 4:21లో జాలరులు వలలు బాగుచేసుకుంటున్నప్పటిదే. దాని వెంటే, మధ్యలో ఏ సంధి పదమూ లేకుండా, “ఒకని భారముల నొకడు” అని వస్తుంది. అంటే పౌలు ముందుగా చూపిస్తున్న భారం పడిపోయినవాడి తప్పు, దాని వెంట వచ్చే సిగ్గు.

ఇది చెప్పేటప్పుడు నాకు బాధ కలుగుతుంది. జబ్బుపడ్డవారింటికి మన సంఘాలు బాగానే వెళ్తాయి, అన్నం వండి తీసుకెళ్తాయి, ఆసుపత్రిలో రాత్రిళ్లు కూర్చుంటాయి. తాగుడుకు తిరిగి పడిపోయినవాడి ఇంటికి, పెళ్లి చెడిన అమ్మాయి ఇంటికి మాత్రం వెళ్లం. వాళ్ల గురించి మాట్లాడుకుంటాం. వచ్చే ఆదివారం వాళ్లు ఆలయానికి వస్తే పక్కన కూర్చునేవారు ఉండరు. ఆ ఖాళీ జాగాలో వెళ్లి కూర్చోవడం ఈ వచనం అడిగే మొదటి పని. అలా కూర్చున్నవారి మీద కూడా నాలుగు మాటలు పడతాయి. భరించడమంటే వాటికీ ఒప్పుకోవడం.

గుంటూరు నుంచి ఒక సభ్యుడు:

మాష్టారూ, అందరి భారమూ మోస్తూపోతే కొందరు సోమరులవుతారు. ఐదో వచనం అందుకే ఉందని మా అయ్యగారు అంటారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

నాలుగో వచనంతో కలిపి చదవండి బాబూ. ప్రతివాడూ తాను చేసే పనిని పరీక్షించుకోవాలి, అప్పుడు ఇతరుణ్ణి బట్టి కాక తనను బట్టే అతిశయం కలుగుతుంది అంటుంది. పక్కవాడు పడిపోయాడు కాబట్టి నేను గొప్ప అని కొలుచుకోవద్దని దాని భావం. ఐదో వచనం సాయం చేసేవాడి గర్వాన్ని అదుపు చేయడానికి ఉంది. సాయం అడిగేవాడి ముందు తలుపు వేయడానికి మనం దాన్ని వాడుకుంటే లూకా 11:46 మనకే తగులుతుంది: బరువులు మోపి, ఒక వేలితోనైనా ముట్టనివారు.

పొలం గట్టు మీద గడ్డిమోపు కట్టుకున్న మనిషి దారినపోయేవారిని “కాస్త చెయ్యి వేయండి” అని పిలుస్తుంది. మోపు ఆమెదే, ఇంటికి మోసేదీ ఆమే. తలకెత్తేటప్పుడు మాత్రం రెండో మనిషి లేకపోతే కుదరదు. ఈ రెండు వచనాలూ అలా కలిసి నడుస్తాయి. మన ప్రాంతపు చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. గుత్త బాధ్యత ఆయన భుజం మీద, మట్టి తవ్విన కూలి జనం చేతిలో. అక్కడ ఎవరి బరువు ఎవరిదో ఎవరూ తర్కించుకోలేదు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలు మాష్టారూ. ఒక్కటి మిగిలింది. “క్రీస్తు నియమము” అంటే ఏది? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఈ పత్రికలో చాలా చోట్ల ‘ధర్మశాస్త్రము’ అని తెలుగు చేసిన గ్రీకు మాట, ‘నోమోస్’, ఇక్కడ ‘నియమము’ అయింది. తెలుగుకు అది సాఫీగానే ఉంది, కానీ పౌలు మాటలోని పదును కొంత తగ్గింది. గలతీయ సంఘాలు సున్నతి గురించి, మోషే ధర్మశాస్త్రం గురించి తగువులాడుకుంటున్నాయి. “ఒకనినొకడు కరచుకొని భక్షించినయెడల” నశించిపోతారని 5:15లో హెచ్చరిక కూడా ఉంది. ధర్మశాస్త్రం మోయాలని అంత పట్టుదలగా ఉన్నవాళ్లతో, అయితే క్రీస్తు ధర్మశాస్త్రాన్ని మోయండి, అది మీ పక్కవాడి భారం, అంటున్నాడు. అందుకని పిల్లలకు ఆరో అధ్యాయం నుంచి మొదలుపెట్టకండి. “నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించుము” అనే 5:14తో మొదలుపెట్టి 6:5 దాకా ఒక్క పాఠంగా చదివించండి. కంఠస్థానికి రెండో వచనంతో పాటు ఒకటో వచనాన్ని కూడా ఇవ్వండి. కాస్త పొడుగే, అయినా పిల్లలు పట్టేస్తారు.