మ్యాచ్ మధ్యలో కోచ్‌కి వీడియో ఎంత త్వరగా చేరాలి?

అందరికీ నమస్కారం. ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్ కాదు, సాకర్) వీడియో అనాలిసిస్ సొంతంగా నేర్చుకుంటున్నాను. ఒకచోట ఆగిపోయాను. ప్రొఫెషనల్ జట్లతో పనిచేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

2018 రష్యా వరల్డ్ కప్‌లో జట్లకు ఫిఫానే ట్యాబ్‌లు ఇచ్చింది. ఇప్పుడు ఆట నియమాల్లో 4వది కూడా వ్యూహం కోసమో, ఆటగాళ్ల భద్రత కోసమో చేతిలో పట్టే చిన్న పరికరాలు వాడుకోనిస్తోంది. అంతవరకు అర్థమైంది. కానీ పైన స్టాండ్స్‌లో కూర్చున్న అనలిస్టు క్లిప్ కట్ చేసి కిందికి పంపేసరికి ఆట ఎక్కడికో వెళ్లిపోతుంది కదా! నేను ప్రాక్టీస్‌గా ఒక మ్యాచ్ చూస్తూ ట్యాగ్ చేస్తే (అంటే ముఖ్యమైన ఘట్టాలకు వీడియోలో గుర్తులు పెడితే), ఒక్క కార్నర్ కట్ చేసేలోపు రెండు దాడులు మిస్సయ్యాను. టెన్షన్‌తో చేతులు ఆడలేదు. మరి బెంచ్‌కి అప్పటికప్పుడు క్లిప్పులు పంపుతారా, లేక మాటల్లో చెప్పేసి వీడియోని హాఫ్‌టైమ్‌కి దాచుకుంటారా? ఆ 15 నిమిషాల్లో ఆటగాళ్లకు ఎన్ని క్లిప్పులు చూపిస్తే బుర్రకెక్కుతాయి?

ఇంకోటి. కొన్ని పోటీల్లో రిఫరీ నిర్ణయాన్ని రీప్లేలో మళ్లీ చూడమని కోచ్‌లే అడిగే ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ పద్ధతి ఉంది. 2024 అండర్-20 మహిళల వరల్డ్ కప్‌లో ఒక్కో కోచ్‌కి రెండు అవకాశాలిచ్చారు, అడిగింది నెగ్గితే అవకాశం పోదు. అలాంటప్పుడు బెంచ్ మీది ట్యాబ్‌లో ముందే చూసుకుని అడగొచ్చా, లేక కంటితో చూసిందే నమ్ముకోవాలా?