కెమెరా పెట్టగానే ఉపన్యాసం మొదలవుతోంది: బౌద్ధుల్ని ఎలా అడగాలి?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి)

హైదరాబాద్‌లో బౌద్ధాన్ని ఆచరిస్తున్నవారి మీద నలభై నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. నేను, మా తమ్ముడు, ఒక కెమెరా, ఒక కాలర్ మైకు. ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడాము. పదకొండింటిలోనూ పనికొచ్చేది పది నిమిషాలు లేదు.

మొన్న ఆదివారం సంగతి చెబుతాను. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, నాగపూర్ వెళ్లి బౌద్ధ దీక్ష తీసుకున్నవారు. టీ కాచి ఇస్తూ, దీక్ష తర్వాత ఇంట్లో వాళ్లమ్మతో నెల రోజులు మాటల్లేకపోవడం గురించి ఎంతో చక్కగా చెప్పారు. మైకు పెట్టి, "మీ ఆధ్యాత్మిక ప్రయాణం ఎలా మొదలైంది?" అని అడిగాను. ఆయన చొక్కా పై గుండీ పెట్టుకుని, వెన్ను నిటారు చేసి, "బుద్ధుడు ప్రపంచానికి శాంతిని బోధించాడు" అని మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు అదే ధోరణి. వాళ్లమ్మ మాట మళ్లీ రాలేదు.

తప్పు నాదేనని తెలుస్తోంది, ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు (వనస్థలిపురం నుంచి)

అమ్మా, ఇరవై ఏళ్లు రేడియో కోసం మనుషుల మాటలు రికార్డు చేశాను. మీ ప్రశ్నలో మొదటి మాట దగ్గరే చిక్కుంది. "ఆధ్యాత్మికం" అన్న మాటలోనే ఆత్మ ఉంది. బౌద్ధం మూలసూత్రాల్లో ఒకటి అనాత్మ, పాళీలో అనత్త. శాశ్వతమైన ఆత్మ అనేది లేదని నమ్మే మనిషిని ఆత్మకు సంబంధించిన ప్రయాణం గురించి అడుగుతున్నారు. మర్యాద కొద్దీ దిద్దరు, పుస్తకంలో మాట అప్పజెప్పి ఊరుకుంటారు.

ఆ పెద్దాయన విషయంలో ఇంకొకటి ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ దీక్ష తీసుకుని, తన వెంట వచ్చిన లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను దేవుళ్లుగా నమ్మను, పూజించను అన్నది వాటిలో మొదటిది. ఆ దారిలో వచ్చినవారికి ధమ్మం, అంటే బుద్ధుడు చెప్పిన దారి, అంటే సాటి మనిషి పక్కన మనిషిగా నిలబడటం. ఆయన బతుకులోని పెద్ద నిర్ణయాన్ని మీరు ధ్యానం, ప్రశాంతత గదిలోకి తోసేశారు. ఈ మాట కటువుగా అంటున్నాను, ఎందుకంటే ఇలా తోసేసిన కార్యక్రమాలు చాలా విన్నాను.

మళ్లీ వెళ్లండి. దీక్ష తీసుకుని ఇంటికి వచ్చిన రాత్రి గురించి అడగండి. తలుపు ఎవరు తీశారు, అన్నం ఎవరు వడ్డించారు, గోడ మీద పటాలు ఏమయ్యాయి. ఆయన ఆగితే మీరూ ఆగండి. నిశ్శబ్దం భరించలేక మనం వేసే రెండో ప్రశ్నే చాలా ఇంటర్వ్యూలను పాడుచేస్తుంది.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి)

భిక్షువులతో మాట్లాడేటప్పుడు కొన్ని పద్ధతులు తెలిసి ఉండాలి. "భంతే" అని పిలవండి. థేరవాద (బౌద్ధంలో ఒక ప్రాచీన శాఖ) భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోజనం చేయరు కాబట్టి పదకొండు, పన్నెండు గంటల మధ్య లైట్లు సర్దుతూ వారిని కూర్చోబెట్టకండి. మీరు మహిళ కాబట్టి గదిలో ఒంటరిగా కూర్చుని మాట్లాడటం వారికి నియమభంగం అవుతుంది. మీ తమ్ముడు అక్కడే ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి.

"ధ్యానంలో మీరు ఏ స్థితికి చేరారు?" అని మాత్రం అడగవద్దు. నిజంగా సాధించినా గృహస్థులకు చెప్పుకోవడం వినయ నియమాల (భిక్షువులు పాటించాల్సిన క్రమశిక్షణ నియమాల) ప్రకారం దోషం. కావాలని లేనిది ఉన్నట్టు చెబితే భిక్షుత్వమే పోతుంది. ఆయన దాటవేస్తే ఏదో దాస్తున్నారని అనుకోకండి, అది ఆయన పాటిస్తున్న శీలం.

విపశ్యన ధ్యాన శిబిరాలకు వెళ్లినవారిని వాళ్ల ఇంట్లోనే కలవండి. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రంలో నేను పది రోజులు కూర్చున్నాను. తొమ్మిది రోజులు మౌనం, పదో రోజు మౌనం విడుస్తారు. అక్కడికి కెమెరా ఆలోచనే వద్దు. బయటికి వచ్చాక నన్ను ఎవరైనా మోకాళ్ల గురించి అడిగి ఉంటే గంటసేపు చెప్పేదాన్ని. నాలుగో రోజు నుంచి గంటసేపు కాలు కదపకుండా కూర్చోమంటారు. ఆ నొప్పిని చూస్తూ ఉండటమే అక్కడి చదువు. అందరూ అడిగింది "ప్రశాంతంగా ఉందా?" అని.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

హుస్సేన్‌సాగర్ విగ్రహంతో మొదలుపెడతారేమో, అందరూ అదే చేస్తారు. చైతన్యపురిలో మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండమీద విష్ణుకుండిన రాజుల నాటి ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం (భిక్షువులు నివసించే చోటు) ప్రస్తావన ఉంది. నగరం పుట్టక ముందే ఇక్కడ భిక్షువులు ఉన్నారన్నమాట. ఒకసారి చూసి రండి.

అడిగినవారి నుంచి

నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. మైకు పెట్టాక పటాల గురించి అడిగాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు పడుతోందని తమ్ముడు సైగ చేస్తున్నా కదలలేదు. తర్వాత ఆయన లేచి పాత గోడ దగ్గరికి వెళ్లి, రెండు మేకులు చూపించారు. పటాలు తీసేశారు గానీ మేకులు పీకలేదట. వాళ్లమ్మ వేంకటేశ్వరుడి పటాన్ని చీరలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టుకుందట. రోజూ బియ్యం తీసేటప్పుడు ఒకసారి ముట్టుకునేదట. "నాకు తెలుసని ఆమెకు తెలుసు. పోయేదాకా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు" అన్నారు.

ఒక సందేహం మిగిలింది. ఇది ఆయన కుటుంబంలో, సంఘంలో ఎవరికీ తెలియని విషయం. ఎడిటింగ్‌కు ముందే ఆయనకు ఆ భాగం చూపించి, వద్దంటే తీసేస్తానని మాట ఇచ్చాను. వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని వెళ్తున్నాను.