స్పేస్‌షిప్ సెట్‌లో పాత టీవీ మీద నల్లపట్టీ పరుగెడుతోంది, ఎలా ఆపాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కథంతా ఒక అంతరిక్ష నౌక కంట్రోల్ రూమ్‌లోనే. మా మామయ్య వాళ్ల ఖాళీ గోడౌన్‌లో ప్లైవుడ్‌తో సెట్ వేశాం. 1980ల నాటి ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల లుక్ రావాలని పాత డబ్బా టీవీలు రెండు తెచ్చి కన్సోల్‌లో బిగించాం. లాప్‌టాప్ నుంచి చిన్న కన్వర్టర్ డబ్బా ద్వారా వాటికి బొమ్మ ఇస్తున్నాం.

మామూలుగా చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కెమెరాలో చూస్తే మాత్రం స్క్రీన్ మీద ఒక నల్లపట్టీ ఆగకుండా తిరుగుతోంది, సెకనుకు రెండుసార్లు. కెమెరా 24 ఫ్రేములు, షట్టర్ 1/60లో ఉంది.

ఇంకో సందేహం. సెట్‌లో మొత్తం ఎనిమిది స్క్రీన్లు కనపడాలి. అన్నిటికీ విడివిడిగా కంప్యూటర్లు పెట్టాలా? ఆ సీరియళ్లలో నిజంగానే పెట్టేవారా? చేతిలో మిగిలింది ఆరు వేలు. శనివారం షూటింగ్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: కెమెరా అసిస్టెంట్

సెకనుకు రెండుసార్లు అని లెక్కపెట్టి చెప్పావు చూడు, సగం రోగం అక్కడే దొరికింది. మన దగ్గర టీవీ పాల్ పద్ధతిలో నడుస్తుంది, తెరను సెకనుకు 50 సార్లు పైనుంచి కిందికి గీస్తుంది. నీ కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తోంది. ఇరవై నాలుగు రెళ్లు నలభై ఎనిమిది. 50లోంచి 48 తీసేస్తే మిగిలేది రెండు. నీ పట్టీ తిరిగేది ఆ రెండుసార్లే.

ఇక పట్టీ అంత లావుగా ఎందుకుంది? టీవీ ఒకసారి తెర మొత్తం గీయడానికి సెకనులో 50వ వంతు పడుతుంది. నీ షట్టర్ 60వ వంతుకే మూసుకుంటోంది. అంటే గీత పూర్తవకముందే కెమెరా కన్ను మూసేస్తోంది. గీయకుండా మిగిలిన ఆ భాగమే నీకు నల్లగా కనపడుతోంది.

మందు: కెమెరా మెనూలో వీడియో సిస్టమ్‌ను పాల్‌కి మార్చు. అప్పుడు 25 ఫ్రేములు వస్తాయి. షట్టర్ 1/50 పెట్టు. పట్టీ పోతుంది, మహా అయితే సన్నటి గీత ఒకటి ఒకేచోట నిలబడుతుంది. గోడౌన్‌లో ట్యూబ్‌లైట్లు ఉంటే వాటి ఫ్లికర్ కూడా దీంతోనే పోతుంది, మన కరెంటు కూడా 50 హెర్ట్జే కదా. యూట్యూబ్‌కి 25 ఫ్రేములతో ఏ ఇబ్బందీ లేదు. సినిమా అంటే 24 ఫ్రేములే అన్న పట్టుదల ఈసారికి పక్కన పెట్టు.

అన్నట్టు, కన్వర్టర్ డబ్బా పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, పాల్, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అని. నీ లక్షణాన్ని బట్టి పాల్ వైపే ఉండాలి. ఒకసారి చూసి చెప్పు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అవునన్నా, పాల్ వైపే ఉంది. చూడకుండానే ఎలా చెప్పారో! రాత్రికి 25లో టెస్ట్ చేస్తాను. ఎనిమిది స్క్రీన్ల సంగతి కూడా ఎవరైనా చెప్పరూ?

జవాబు: పాత సీరియళ్ల పిచ్చోడు

ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు, కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

ఎనిమిది కంప్యూటర్లు అక్కర్లేదు. ఆ సీరియళ్ల సెట్ల మీద కనపడిన వాటిలో చాలా భాగానికి వెనక కంప్యూటరే లేదు. ఉన్నచోట అది లెక్కలు చేయలేదు. రెండిటికీ ఉదాహరణలు చెబుతా.

1966లో మొదలైన మొదటి స్టార్ ట్రెక్‌ సీరియల్‌నే తీసుకో. నౌకను నడిపే గదిలో, అంటే బ్రిడ్జ్‌లో, మెరిసేవి బల్బులు, చిన్న స్క్రీన్లలో కనపడేవి వెనక నుంచి లైటు వేసిన నిశ్చల చిత్రాలు. ముందున్న పెద్ద తెర మీది దృశ్యాన్ని తర్వాత ల్యాబ్‌లో కలిపేవారు. అప్పటికి అమెరికాలో అసలు కంప్యూటర్లు సెట్ మీదికి రాలేదా అంటే, వచ్చాయి, ముసలివయ్యాక. పసడేనాలోని ఎలక్ట్రోడేటా కంపెనీ 1954లో తెచ్చిన డేటాట్రాన్ అనే వాక్యూమ్ ట్యూబుల యంత్రం ఉంది. 1956లో ఆ కంపెనీని బరోస్ కొనేసింది, యంత్రం పేరు బరోస్ 205 అయింది. పదేళ్లకు దాని పని అయిపోయింది కానీ కన్సోల్ నిండా ఉన్న దీపాలు మాత్రం అందంగా ఉండేవి. అంతే, లాస్ట్ ఇన్ స్పేస్‌లో అదే, 60ల బ్యాట్‌మ్యాన్ గుహలోనూ అదే. అమెరికా వైమానిక రక్షణ కోసం ఐబీఎం కట్టిన సేజ్ కంప్యూటర్‌లో 50 వేల దాకా ట్యూబులు ఉండేవి. ఆ జాతి ప్యానెళ్లు 1966 నాటి ది టైమ్ టనెల్‌లో గోడల్లా నిలబడ్డాయి. రిటైరైన హెడ్‌మాస్టారికి నాటకంలో రాజు వేషం ఇచ్చినట్టు.

పనిచేసే స్క్రీన్లు పెట్టిన సీరియల్ కావాలంటే 1978 బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా చూడు. ఆ నౌక బ్రిడ్జ్‌లో టెక్‌ట్రానిక్స్ కంపెనీ యంత్రాలు కనపడతాయి, వాటిలో 4051 అనే గ్రాఫిక్స్ కంప్యూటర్ ఒకటి. దాని ఆకుపచ్చ తెరకు ఒక విశేషం ఉంది. ఒకసారి గీసిన గీత ట్యూబ్ మీదే నిలిచిపోతుంది, మళ్లీ మళ్లీ గీయాల్సిన పని లేదు. కాబట్టి సినిమా కెమెరాతో గొడవే లేదు. నీ నల్లపట్టీ పుట్టడానికి అక్కడ ఆస్కారమే లేదన్నమాట.

బ్రిటన్‌లో మరో దారి. 1980ల్లో డాక్టర్ హూ స్క్రీన్ల మీది కొన్ని బొమ్మలు బీబీసీ మైక్రో మీద చేసినవే, స్కూలు పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ఆ యంత్రమే. 1982 నాటి కాస్ట్రోవాల్వా కథలో అలాంటి బొమ్మలున్నాయి. స్టూడియోలో వీడియో కెమెరాలు కూడా సెకనుకు 50 ఫీల్డులతోనే (తెరను గీసే విడతలు) నడిచేవి, బొమ్మ ఇచ్చే యంత్రానిదీ అదే లెక్క. పైన మన అసిస్టెంట్ గారు నీకు చెప్పింది సరిగ్గా ఇదే.

అసలు మోసం మాత్రం 1981లో బీబీసీ తీసిన హిచ్‌హైకర్స్ గైడ్ సీరియల్. అందులో కంప్యూటర్ గ్రాఫిక్స్‌లా కదిలే అక్షరాలు, గీతలు చూసి అప్పట్లో జనం నోరెళ్లబెట్టారు. ఒక్క పిక్సెల్ కూడా కంప్యూటర్‌ది కాదు. రాడ్ లార్డ్ అనే యానిమేటర్ బృందం చేత్తో గీసి, వెనక లైటు వేసి, ఫ్రేము ఫ్రేమూ షూట్ చేసింది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన మ్యాక్స్ హెడ్‌రూమ్‌లోని ‘కంప్యూటర్ మనిషి’ కూడా అంతే, మేకప్ దట్టించిన నటుడు. వెనక తిరిగే గీతలు మొదట చేత్తో గీసినవే, అమెరికన్ సిరీస్ వచ్చేసరికి అమీగా కంప్యూటర్ ఆ పని అందుకుంది.

ఇప్పుడు నీకు పనికొచ్చేది. 1987 నాటి స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ ప్యానెళ్లు గుర్తున్నాయా? గుండ్రటి మూలలతో నారింజ, ఊదా రంగు పట్టీలు. అవి డిజైనర్ మైఖేల్ ఒకుడా చేసినవి. నటులు వేలితో తాకుతుంటే టచ్‌స్క్రీన్ అనుకుంటాం. నల్లటి పారదర్శక ఫిల్మ్, దాని వెనక రంగు కాగితాల్లాంటి జెల్‌లు, పైన అక్రిలిక్ పలక, వెనక లైటు, అంతే సంగతి. తాకినప్పటి ‘టింగ్’ తర్వాత కలిపిన శబ్దం. టీవీ సీరియల్ బడ్జెట్‌లో సెట్ అంతా నింపాలంటే దీనికంటే చవకైన దారి లేదు. కథకు నిజంగా కదిలే బొమ్మ కావాల్సిన చోట మాత్రమే మానిటర్ పెట్టేవారు. అక్కడ వాళ్లకూ నీ బాధే వచ్చింది. అమెరికాలో వీడియో సెకనుకు 30 ఫ్రేములు, ఫిల్మ్ కెమెరా 24. అందుకని టేపు మెషీన్లనూ మానిటర్లనూ మార్చి 24కి తెచ్చి నడిపేవారు. నువ్వు కెమెరాను మార్చుకుంటున్నావు, వాళ్లు టీవీని మార్చుకున్నారు.

మన ఊళ్లో ఇది చేయడం సులువు. ఫ్లెక్స్ షాపుకి వెళ్లి గ్లో సైన్ బోర్డుకి వాడే బ్యాక్‌లిట్ ప్రింట్ కావాలని అడుగు. ఒక చిక్కుంది: ప్రింటులో నలుపు పూర్తి నలుపు కాదు, లైటు వేయగానే బూడిద రంగులోకి తిరుగుతుంది. నల్లగా ఉండాల్సిన చోటల్లా వెనక నల్ల చార్ట్ కత్తిరించి అంటించు. నాలుగైదు చోట్ల చిన్న రంధ్రాలు వదిలి, పెళ్లి పందిళ్లకు కట్టే సీరియల్ బల్బులు వెనక పెట్టావంటే ప్యానెల్‌కి ప్రాణం వస్తుంది. ఎనిమిదిలో ఐదింటికి ఇది చాలు.

జవాబు: ఎడిటింగ్ చేసేవాడు

ఇంత కష్టమెందుకు బ్రో, అన్నిటికీ గ్రీన్ పేపర్ అంటించెయ్, ఎడిటింగ్‌లో బొమ్మలు వేసుకోవచ్చు.

జవాబు: కెమెరా అసిస్టెంట్

ఎనిమిది స్క్రీన్లు, పన్నెండు నిమిషాలు, కెమెరా కదులుతుంది, నటుడి చెయ్యి అడ్డొస్తుంది. కదిలే స్క్రీన్‌కి బొమ్మ అతికించే ఆ ట్రాకింగ్ అంతా ఎవరు చేస్తారు, నువ్వా? పైగా స్క్రీన్ వెలుగు మొహం మీద పడాలి. చీకటి కాక్‌పిట్‌లో సగం లైటింగ్ అదే. గ్రీన్ పేపర్ పెడితే మొహం మీద పచ్చదనం పడుతుంది. పెద్ద కిటికీ లాంటిది ఒకటుంటే దానికి చేసుకోమను, అభ్యంతరం లేదు.

ఇంకో మాట. లాప్‌టాప్ స్క్రీన్ మరీ వెలిగిపోతోందని బ్రైట్‌నెస్ తగ్గించకు. చాలా ప్యానెళ్లు బ్యాక్‌లైటును గబగబా ఆర్పుతూ వెలిగిస్తూ మసక చేస్తాయి. కంటికి తెలియదు, కెమెరాలో అడ్డచారలు పడతాయి. బ్రైట్‌నెస్ ఫుల్‌లో ఉంచి, వేసే బొమ్మనే డార్క్‌గా తయారు చెయ్. టీవీ నీలంగా కనపడితే కంగారు పడకు, పాత సెట్ల తెలుపే కాస్త నీలం. కలర్ వార్మ్‌కి మార్చే ఆప్షన్ ఉంటే మార్చు, లేకపోతే బొమ్మలోనే కొంచెం పసుపు కలుపు.

జవాబు: రిటైర్డ్ టీవీ మెకానిక్

బాబూ, కన్సోల్‌లో బిగించాం అన్నావు. వెనక మూత తీసి బిగించారా, తీయకుండానా? తీసి ఉంటే వెంటనే పెట్టెయ్యండి. పిక్చర్ ట్యూబ్ మీద రబ్బరు టోపీ లాంటిది ఉంటుంది, కలర్ సెట్‌లో దాని కింద 20 వేల వోల్టులకు పైనే. ప్లగ్ పీకేసినా ఆ చార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది. తెలిసిన మెకానిక్ లేకుండా అక్కడ చెయ్యి పెట్టొద్దు.

ప్లైవుడ్ పెట్టెకి వెనకా పైనా గాలి రంధ్రాలు వదలండి. స్పీకర్లు ఉంటే టీవీకి దూరంగా జరపండి, అయస్కాంతం తగిలితే తెర మీద ఒక మూల ఆకుపచ్చగా ఒక మూల ఊదాగా మచ్చలు పడతాయి. పడితే సెట్‌ని మెయిన్ స్విచ్ దగ్గర ఆపి, అరగంట చల్లారనిచ్చి వేయండి. ఆ మచ్చలు పోగొట్టే లోపలి కాయిల్ స్విచ్ వేసిన క్షణంలోనే పనిచేస్తుంది, సెట్ వేడిగా ఉంటే సరిగ్గా పనిచేయదు. రెండు మూడుసార్లు అలా చేస్తే చాలావరకు పోతాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

మూత తీయలేదు సార్, బతికిపోయాం. రంధ్రాలు మాత్రం లేవు, రేపు పొద్దున్నే డ్రిల్ తెస్తా.

ఇంకొక్కటి. హీరోయిన్ కీబోర్డు మీద టైప్ చేస్తే స్క్రీన్ మీద ‘ద్వారం తెరుచుకుంది’ అని పడాలి. తనకు తెలుగు టైపింగ్ రాదు. టేక్‌కో తప్పు పడుతోంది.

జవాబు: పాత సీరియళ్ల పిచ్చోడు

తను ఏం నొక్కినా సరైన అక్షరమే పడేట్టు చెయ్. బ్రౌజర్‌లో ఫుల్ స్క్రీన్ పేజీ ఒకటి: నల్ల బ్యాక్‌గ్రౌండ్, ఆకుపచ్చ అక్షరాలు, ఏ కీ నొక్కినా ముందే రాసిపెట్టిన వాక్యంలోని తర్వాతి అక్షరం వస్తుంది. కోడ్ పది లైన్లు కూడా ఉండదు. కాకపోతే తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి, ‘ద్వా’ ముక్కలు ముక్కలుగా పడి అసహ్యంగా ఉంటుంది. అక్షరం అక్షరం కాకుండా ‘ద్వా’, ‘రం’, ‘తె’ అని నువ్వే విడగొట్టి వరసగా ఇవ్వు.

లాస్ట్ సీరియల్ రెండో సీజన్‌లో, 2005లో, నేలమాళిగలో 108 నిమిషాలకోసారి అంకెలు కొట్టే యంత్రం నిజమైన యాపిల్ 2. నటులు కొట్టాల్సింది 4, 8, 15, 16, 23, 42, అంతే. మీ అమ్మాయికి అంత తక్కువ డైలాగ్ ఇస్తే పేజీ కూడా అక్కర్లేదు!

ప్రశ్న అడిగిన వ్యక్తి

శనివారం షూటింగ్ అయిపోయింది. 25 ఫ్రేములు, 1/50 పెట్టగానే పట్టీ మాయం. సన్నగీత మాత్రం తెర మధ్యలో నిలబడింది. కన్వర్టర్‌కి పవర్ పీకి పెడితే ప్రతిసారీ దాని చోటు మారుతోందని కనిపెట్టాం. నాలుగోసారికి కింది అంచుకి వచ్చింది. అక్కడ కన్సోల్ చెక్కకి నల్లరంగు వేసిన థర్మోకోల్ పట్టీ అంటించి దాచేశాం. టేక్‌ల మధ్యలో అది మెల్లగా పైకి పాకుతోంది, అరగంటకోసారి మళ్లీ పవర్ పీకాల్సి వచ్చింది.

ఫ్లెక్స్ ప్యానెళ్లు ఐదూ కలిపి రెండు వేల మూడొందలు. సీరియల్ బల్బులు మా ఇంట్లోవే. ఫుటేజ్ చూసినవాళ్లు ముందు అడిగింది ఆ ప్యానెళ్ల గురించే, నిజమైన టీవీలను ఎవరూ పట్టించుకోలేదు.

జవాబు: రిటైర్డ్ టీవీ మెకానిక్

సంతోషం. పని అయ్యాక ఆ సెట్లు పాత సామాన్ల వాడికి వేసేయకండి. ట్యూబ్ బాగుంటే నేను తీసుకుంటాను.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఒకటి తప్పకుండా ఇస్తాను సార్. రెండోది మా అమ్మమ్మది, పాడైందని చెప్పి తెచ్చాం. బాగైందని తెలిసిపోయింది, తిరిగి కావాలని పొద్దున్నుంచి ఫోన్లు.