కొండ దారికి రావాలంటే ముందు చదునులో 10 కిలోమీటర్లు పరుగెత్తాల్సిందేనా?

ఎడేల్_పరుగు:
ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం కొందరం శనివారాలు పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో కలిసి పరుగెడుతుంటాం. ఈమధ్య కొత్తవాళ్ళు చాలామంది చేరారు. దాంతో ఒక రూల్ పెడదామన్న మాట వచ్చింది. చదును దారిలో ఆగకుండా 10 కిలోమీటర్లు పరుగెత్తగలిగేదాకా కొత్తవాళ్ళు పాత రైల్వే లైను మీద వేసిన మోన్సాల్ ట్రైల్ అనే బాట మీదే ఉండాలట. గ్రేట్ రిడ్జ్ అనే కొండల వరుస, కిండర్ స్కౌట్ పీఠభూమి ఆ తర్వాతేనట. నాకు ఇది సరైన కొలత అనిపించడం లేదు.

కొండ మీద దారంతా పరుగెత్తే పనే ఉండదు. గ్రేట్ రిడ్జ్ మీది మామ్ టోర్ శిఖరం చివరి ఏటవాలులో చాలాకాలంగా పరుగెడుతున్నవాళ్ళు కూడా నడుస్తారు. నిటారు పెరిగేకొద్దీ పరుగుకీ వేగంగా నడవడానికీ పెద్ద తేడా ఉండదు, పైగా నడిస్తే ఆయాసం తక్కువ. రోజూ గంటసేపు చురుగ్గా నడిచే మనిషి 5 కిలోమీటర్లు కూడా ఆగకుండా పరుగెత్తలేకపోవచ్చు, కానీ ఎడేల్ స్టేషన్ నుంచి రిడ్జ్ మీద దారులు కలిసే హాలిన్స్ క్రాస్ దాకా బాగానే ఎక్కేస్తారు. అలాంటివాళ్ళను నెలల తరబడి పాత రైల్వే దారికే పరిమితం చేస్తే రావడం మానేస్తారు. మీరేమంటారు?

షెఫీల్డ్_అన్న:
రూల్ కావాలన్నవాళ్ళలో నేనొకణ్ణి. ఎందుకో చెప్తాను. ఎడేల్ స్టేషన్ నుంచి హాలిన్స్ క్రాస్, అక్కణ్ణుంచి మామ్ టోర్, మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఏడెనిమిది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కేది దాదాపు 300 మీటర్లు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు పెట్టిన లెక్క ప్రకారం ఒక మీటరు ఎక్కడం చదునులో సుమారు 8 మీటర్లతో సమానం. అంటే ఇంకో 2.4 కిలోమీటర్లు కలపాలి. మొత్తం 10కి వస్తుంది. నేను 10 అన్నది అందుకే.

కొండ పరుగుల సంఘం ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ రేసులను విడదీసే పద్ధతి కూడా చూడండి. దూరాన్ని బట్టి ఒక విభజన ఉంది. దానితోపాటు కిలోమీటరుకు సగటున కనీసం 50 మీటర్లు ఎక్కాల్సి వస్తే ‘ఎ’, 25 అయితే ‘బి’, 20 అయితే ‘సి’. మన మామ్ టోర్ దారిని ఆ లెక్కలో పెడితే ‘బి’లోకి వస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళను నేరుగా అక్కడికి తీసుకెళ్ళడం న్యాయమా?

మోన్సాల్ ట్రైల్‌ను శిక్షలా మాట్లాడకండి. సుమారు 14 కిలోమీటర్ల దారి. 1968లో రైళ్ళు ఆగిపోయాయి, 2011లో సొరంగాలు జనానికి తెరిచారు. బేక్‌వెల్ నుంచి బక్స్‌టన్ వైపు వెళ్తుంటే తెలిసీ తెలియనట్టు ఎక్కుతూ ఉంటుంది, కాబట్టి అలసిపోయాక తిరుగు దారి కాస్త దిగుడే. హెడ్‌స్టోన్ వయాడక్ట్ అనే పాత రైల్వే వంతెన మీద నిలబడితే కింద వై నది కనిపిస్తుంది. నాకైతే ఎన్నిసార్లు వెళ్ళినా విసుగు రాని చోటు అది.

ఫిజియో_లీడ్స్:
ఇద్దరూ ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. అసలు దెబ్బ దిగేటప్పుడు పడుతుంది. దిగుతున్నప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండరం దానికి తట్టుకోలేదు, ఒకటి రెండు రోజులు నొప్పి తినేస్తుంది. అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళి, మళ్ళీ నడిచే దిగినవాళ్ళను అడగండి. మర్నాడు ఇంట్లో నాలుగు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటారు.

దీనికి మందు కూడా దిగడమే. ఒకసారి కొద్దిగా దిగి కోలుకుంటే, కొన్ని వారాలపాటు అదే పనికి కండరం అంతగా దెబ్బతినదు. షెఫీల్డ్ అన్న గారూ, మీరు అడిగే 10 కిలోమీటర్లతో గుండెకు దమ్ము వస్తుంది, నిజమే. కానీ రైల్వే దారిలో ఎంత పరుగెత్తినా దిగే తర్ఫీదు రాదు. చదునులో 15 పరుగెత్తేవాళ్ళు కొండ దిగి మోకాళ్ళు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. దమ్ము ఉంది కదా అని వేగంగా దిగుతారు మరి.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: అడుగులు చిన్నవిగా వెయ్యండి, చూపు పాదాల దగ్గర కాకుండా నాలుగైదు మీటర్ల ముందు పెట్టండి, భయపడి వెనక్కి వాలి మడమల మీద బరువు వెయ్యకండి.

ఎడేల్_పరుగు:
సరిగ్గా అందుకే హాలిన్స్ క్రాస్ అంటున్నాను. అక్కణ్ణుంచి మామ్ టోర్ వైపు బాటలో రాతి పలకలు పరిచి ఉన్నాయి. దిగడం కాస్త కాస్తగా నేర్చుకోవచ్చు. అదే రిడ్జ్ మీద లూజ్ హిల్ దాకా వెళ్ళొస్తే, తిరుగు దారిలో బ్యాక్ టోర్ దగ్గర నిటారుగా దిగాలి. అది మొదటి రోజు వద్దు. రిడ్జ్ ఒకటే అయినా రెండు వైపులూ ఒకే స్థాయి కాదు.

కొత్తగా_చేరాను:
ఈ రూల్ ఎవరి కోసమో వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నా. నాకు కిలోమీటర్ల టెన్షన్ లేదు. అందరికన్నా వెనకబడి, దారి తెలియక, పొగమంచులో ఒక్కదాన్నే ఉండిపోతానేమోనన్న భయం ఉంది. మోన్సాల్‌లో ముందు వెళ్ళినవాళ్ళు అదే దారిలో వెనక్కి వస్తారు, ఎక్కడో ఒకచోట కలుస్తారు. కొండ మీద ఎవరు ఎక్కడ ఆగుతారో ముందే చెప్తే నేను వస్తాను. చెప్పకపోతే 10 పరుగెత్తే రోజు వచ్చినా రాను.

కెస్విక్_వాసి:
పైన రాసిన అక్క మాటలోనే జవాబు ఉంది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని మా ఊరు కెస్విక్‌లో మూడు స్థాయిలూ గుమ్మం దగ్గరే ఉన్నాయి. థ్రెల్‌కెల్డ్ వరకు పాత రైల్వే దారి, 368 మీటర్ల లాట్రిగ్ కొండ, 931 మీటర్ల స్కిడా కొండ. 24 గంటల్లో 42 శిఖరాలు చుట్టి వచ్చే బాబ్ గ్రాహం రౌండ్ కూడా మా ఊరి మూట్ హాల్ భవనం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఎవరినైనా పైకి తీసుకెళ్ళే ముందు నేను దూరం అడగను. ‘వాతావరణం పాడైతే ఎటు దిగుతావు?’ అని అడుగుతాను.

లాట్రిగ్ మీద చినుకు పడితే కాసేపట్లో ఊళ్ళో ఉంటారు. స్కిడా పైన ఊరికన్నా ఐదారు డిగ్రీలు చల్లగా ఉండొచ్చు, దానికి గాలి తోడు. మీ హాలిన్స్ క్రాస్ నుంచి ఒక పక్క ఎడేల్‌కి, ఇంకో పక్క కాజిల్టన్‌కి దిగొచ్చు. కొత్తవాళ్ళకు అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? కిండర్ అలా కాదు. పైన విశాలమైన పీట్ (మొక్కలు కుళ్ళి పేరుకున్న తడి) నేల, నీళ్ళు కోసిన గుంటలన్నీ ఒకేలా ఉంటాయి. మ్యాప్, దిక్సూచి వాడటం రానివాడు మారథాన్ పరుగెత్తేవాడైనా అక్కడ కొత్తవాడే.

షెఫీల్డ్_అన్న:
దిగడం గురించి ఫిజియో గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. హాలిన్స్ క్రాస్ వరకు నా అభ్యంతరం వదిలేస్తాను. కానీ కిండర్ విషయంలో కాదు. అక్కడ ఎవరికైనా చీలమండ మెలిక పడితే 999కి ఫోన్ చేసి, పోలీసుల ద్వారా మౌంటెన్ రెస్క్యూని అడగాలి. వచ్చేవాళ్ళు స్వచ్ఛందంగా పని చేసేవాళ్ళు, ఇళ్ళ నుంచి, ఉద్యోగాల నుంచి బయల్దేరి రావాలి. అంతసేపూ చెమటతో తడిసిన ఒళ్ళు గాలికి చల్లబడిపోతుంది. రెండు గంటలు ఆగకుండా కదిలే ఓపిక లేనివాళ్ళు అలాంటి చోట ఒంట్లో వేడి నిలుపుకోలేరు. కాబట్టి మ్యాప్ చదవడం వచ్చినా దమ్ము కూడా ఉండాలి.

ఎడేల్_పరుగు:
అయితే వచ్చే శనివారానికి ఇలా అనుకుందాం. అందరం ఎడేల్ స్టేషన్‌లో కలుస్తాం. హాలిన్స్ క్రాస్ దగ్గర చివరి మనిషి వచ్చేదాకా అందరూ ఆగాలి. అక్కణ్ణుంచి కొత్తవాళ్ళు మామ్ టోర్ వైపు, బాగా అలవాటున్నవాళ్ళు లూజ్ హిల్ వైపు. తిరిగి మళ్ళీ అక్కడే కలుస్తాం, ఎవరూ విడిగా దిగిపోకూడదు. వాన కోటు, విజిల్, తినడానికి ఏదైనా ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి, ఎండ కాస్తున్నా సరే. ప్రతి జట్టులో చివరన దారి తెలిసినవాళ్ళు ఒకరు ఉంటారు.

కిండర్‌కి 10 కిలోమీటర్ల పరీక్ష మాత్రం నాకు ఇంకా నచ్చలేదు. ఈ రిడ్జ్ మీదే వానలో రెండు గంటలు ఎక్కి దిగినవాళ్ళు వస్తే చాలు అంటాను. అది మళ్ళీ మాట్లాడుకుందాం. ముందు మామ్ టోర్ జట్టులో చివరన ఎవరుంటారో గురువారంలోపు తేలాలి.

షెఫీల్డ్_అన్న:
నేనుంటాను. కొత్తగా చేరిన చెల్లెమ్మా, నువ్వు ఎంత నిదానంగా వచ్చినా సరే, నీ వెనక నేనుంటాను. కిండర్ సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.